ముందు ఎక్స్‌రే, తర్వాతే కట్టు

మా అనంతపురంలో ఎవరి చెయ్యి విరిగినా ఇంట్లో మొదట వినపడే మాట "పుత్తూరు పోదాం పదండి" అనే. మా అబ్బా తరానికి తిరుపతి జిల్లా పుత్తూరు కట్టు మీద ఉన్న ఏతెబార్ మామూలుది కాదు. ఆకు పసరు, గుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, కొద్దిపాటి ఖర్చు. వాన రాక వేరుశనగ ఎండిపోయిన ఏడు ఆపరేషన్ అంటే ఎవరి దగ్గరుంది పైసా? ఆ కట్టును నేను ఎగతాళి చేయను. ఎముక పక్కకు జరగకుండా విరిగితే, కదలకుండా ఉంచితే చాలు, చాలావరకు అదే అతుక్కుంటుంది. ఖుదా ఆ గుణం ఎముకలోనే పెట్టాడు. పేరు మాత్రం కట్టినవాడికి వస్తుంది.

నా తక్రార్ అంతా లోపలేముందో చూడకుండా కట్టడంతోనే.

మా ఖాలా కొడుకు ఎనిమిదేళ్లప్పుడు చింతచెట్టు మీంచి పడ్డాడు. మోచేయి విరిగింది. ఊళ్లో ఒకాయన (పేరెందుకులెండి) బిగించి కట్టాడు. రాత్రంతా పిల్లోడు ఏడుస్తూనే ఉన్నాడు. "సబర్ కర్ బేటా" అన్నాం అందరం. ఫజర్ వేళకు వేళ్లు చల్లబడి నీలంగా మారాయి. ఆస్పత్రిలో కట్టు కోసేసరికే ఆలస్యమైపోయింది. నేటికీ ఆ వేళ్లు ముడుచుకునే ఉంటాయి. ఫోల్క్‌మాన్ అనే జర్మన్ సర్జన్ 1881లోనే రాసిపెట్టాడు: రక్తం అందకపోతే కండ చచ్చిపోతుందని. దానికి కొన్ని గంటలు చాలు. ఆ నొప్పి సబర్ చేయాల్సిన నొప్పి కాదు. వేళ్లు చాపితే ప్రాణం పోతున్నట్టుంటే, తిమ్మిరెక్కితే, ఆస్పత్రిలో వేసిన సిమెంటు కట్టయినా సరే, వెంటనే పోయి విప్పించండి.

ఇంకోటి. వజూ చేస్తూ జారిపడే మన నానీలు. ఒక కాలు పొట్టిగా అయి, పాదం బయటికి తిరిగిపోతే తుంటి విరిగిందనే అనుకోవాలి. మర్ద్ డాక్టరుకు చూపించాలంటే షరమ్ అని రెండ్రోజులు దాచిన ఇళ్లు నాకు తెలుసు. మంచాన పడేస్తే పుండ్లు, నిమోనియా. త్వరగా ఆపరేషన్ చేసి లేపి నడిపించడమే ఇలాజ్.

రోడ్డు మీద దెబ్బ తగిలినవాణ్ణి ఆటోలో మడిచి కూర్చోబెట్టకండి. 108కి చేయండి. అది వచ్చేలోగా కాలు ఎలా ఉంటే అలాగే, అట్టముక్క పెట్టి, దుపట్టాతో వదులుగా కట్టండి. విరిగినచోటుకు పైకీలు, కిందికీలు కదలకూడదు. ఎముక బయటికొస్తే లోపలికి తోయొద్దు, పసుపు అద్దొద్దు, శుభ్రమైన గుడ్డ కప్పండి చాలు.

అనంతపురం సర్వజన ఆస్పత్రి ఉంది, బత్తలపల్లి ఆర్డీటీ ఆస్పత్రి ఉంది. ముందు అక్కడ ఎక్స్‌రే తీయించండి. ఎముక పక్కకు జరగలేదని డాక్టర్ చెప్పాక కూడా పుత్తూరే పోవాలనిపిస్తే పోండి భాయ్. ఆ ఫిల్మ్ వెంట తీసుకుపోండి. రాత్రి రెండు మూడుసార్లు లేచి పిల్లోడి వేళ్లు పట్టుకుని చూడండి.