ప్రతోలీ శబ్దము – అహమ్మదాబాదు పోళలు

అమరసింహుడు పురవర్గమున ప్రతోలీ శబ్దమును రథ్యా, విశిఖా శబ్దములతో కలిపి పఠించెను. అనగా వీధి. కౌటిల్యుడు అర్థశాస్త్రమున, కోటగోడపై రెండు అట్టాలకముల నడుమ కట్టవలసిన రెండంతస్తుల నిర్మాణమునకు అదే పేరు పెట్టెను. ఇది వీధియా, ద్వారగృహమా యని విద్యార్థులు అడుగుట కలదు. ఈ ప్రశ్నకు కోశములలో కంటె అహమ్మదాబాదు పాతనగరమున చక్కని సమాధానము లభించును.

1411లో సుల్తాను అహమ్మద్ షా స్థాపించిన ఆ నగరమున ప్రాకారము లోపలి నివాసవాటికలకు 'పోళ' యని పేరు. ప్రతోలి ప్రాకృతమున 'పఓలీ' యై, గుర్జరభాషలో ఇట్లు నిలిచినది. చిత్తోడుకోటలోని రామ్ పోల్, సూరజ్ పోల్ నేటికిని ద్వారములే. అహమ్మదాబాదులో మాత్రము ద్వారము పేరు దాని వెనుకనున్న వీధికంతకు సంక్రమించినది. మన 'వాకిలి' గుమ్మమునకును ముంగిలికిని చెల్లుట ఇట్టిదే కదా.

పోళకు పెద్ద తలుపు, దానిపై కావలిగది. పూర్వము రాత్రి తలుపు మూసెడివారు. లోపల ఇరుకు సందు. ఎండ నేలకు దిగనీయని ఆ ఇరుకే అచటి చల్లదనమునకు మూలము. ఇండ్లకు ఉమ్మడి గోడలు, వీధి అరుగులు, నడుమ ఆకాశమునకు తెరచిన చౌకు, దాని క్రింద వాననీటిని నిలువచేయు టాంకా. కూడలిలో పక్షులకు గింజలు చల్లు చబుత్రా. ఇటుకగోడలలో కొయ్యదూలములు పొదిగిన ఈ ఇండ్లు, కాంక్రీటు మేడలు అనేకము కూలిన 2001 జనవరి 26 నాటి భూకంపమున చాలవరకు నిలిచినవి. ఒక కులమువారో ఒక వృత్తివారో ఒకచోట చేరుటచే ఆ తలుపు పరులను వెలుపల ఉంచుటకును ఉపకరించినది. ఆ కట్టుబాటు మరల రావలెనని నేను కోరను.

1997లో ఈ సందులలో వారసత్వ పాదయాత్ర మొదలైనది. 2017లో యునెస్కో ఈ పాతనగరమును ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చెను. భారతదేశమున ఆ గౌరవము పొందిన మొదటి నగరమిది. ఇండ్లకు శ్రేణులు నిర్ణయించి, కాపాడు యజమానికి బదిలీ చేయదగు నిర్మాణహక్కు లిచ్చు పద్ధతి నగరపాలకసంస్థ చేపట్టినది. మంచిదే. కాని ఆ లెక్కకు ఇల్లు ప్రమాణము. కాపురమున్నవారు నదికి పడమట క్రొత్తపేటలకు తరలిపోవ, చెక్కిన స్తంభముల నడుమ సరకుల మూటలు చేరుచున్నవి. అట్టి ఇల్లు జాబితాలో ఉండును. పోళలో ఉన్నదనుట ఎట్లు? ద్వారము, చబుత్రా, కావలి ఏ ఒక్కని సొత్తును కావు.

పూర్వము పోళకు పంచాయతి ఉండెడిది. ఇల్లు అమ్మదలచినవాడు ముందుగా పోళవారికే చూపవలెను. అమ్మకపు సొమ్ములో కొంత పోళనిధికి చెల్లింపవలెను. పరులను వారించు మొదటి నియమము పోయిన పోనిమ్ము. రెండవది మాత్రము, నేటి నిర్మాణహక్కుల విక్రయమునకు అన్వయింపదగినదని నా అభిప్రాయము. ఆ సొమ్ములో ఒక భాగము అచట కాపురమున్నవారి చేతనే ద్వారమునకును, టాంకాల శుద్ధికిని, అద్దెకున్న బీదకుటుంబముల ఇండ్ల మరమ్మతునకును వెచ్చింపచేయవలెను. ముంజూరు కూలినపుడు ఎవరిని అడుగవలెనో తెలియక ఇల్లు విడుచువారు అప్పుడైన కొందరు నిలుతురు.