కేపీ ఉల్లికి అడ్డుగోడ ఢిల్లీలోనే

మైదుకూరు: వర్ధమాన దేశాల పంటలకు సంపన్న దేశాలు తలుపులు తెరవాలన్నది 2001 నాటి దోహా సమావేశం నుంచి వినిపిస్తున్న వాదన. కడప, కర్నూలు ప్రాంతాల్లో పండే కృష్ణాపురం (కేపీ) ఉల్లి కథ మాత్రం వేరు. దీనికి విదేశాల్లో తలుపులు తెరిచే ఉన్నాయి. వాటిని పదేపదే మూసింది కేంద్ర ప్రభుత్వమే.

చిన్న గడ్డ, విపరీతమైన ఘాటు కారణంగా ఈ రకాన్ని మన వంటిళ్లలో వాడరు. మలేసియా, సింగపూర్, థాయ్‌లాండ్, హాంకాంగ్, శ్రీలంక దేశాల్లోనే దీనికి ఆదరణ. ఎగుమతి నిలిచిందంటే పంటకు గిరాకీయే ఉండదు. కర్నూలు మార్కెట్‌కు చేరే మామూలు ఎర్రగడ్డకైతే ధర పడినా కొనేవారుంటారు. కేపీ రైతుకు ఆ ఊరట కూడా లేదు.

2019 సెప్టెంబరు 29న కేంద్రం ఉల్లి ఎగుమతులన్నింటినీ నిషేధించింది. దేశంలో ధరలు పెరగడమే కారణం. అయితే కేపీ ఉల్లిని ఆపినంత మాత్రాన ఢిల్లీ వినియోగదారునికి ఒరిగేదేమీ లేదు. బెంగళూరు రోజ్ రకానికి అక్టోబరు చివరలోనే 9 వేల టన్నుల మేర సడలింపు లభించింది. కేపీ ఉల్లికి 10 వేల టన్నుల అనుమతి వచ్చేసరికి 2020 ఫిబ్రవరి అయింది. అదీ మార్చి 31 వరకే, చెన్నై రేవు నుంచే.

2020 సెప్టెంబరు 14న మళ్లీ నిషేధం. ఈసారి అక్టోబరు 9న రెండు రకాలకూ చెరి 10 వేల టన్నుల అనుమతి ఇచ్చారు. సరుకు కేపీ రకమేనని కడప ఉద్యాన శాఖ అధికారులు ధ్రువీకరించాలి. అంటే ఈ పంట వేరన్న సంగతిని కేంద్రమే రాతపూర్వకంగా అంగీకరించినట్లు. అయినా 2023లో 40 శాతం ఎగుమతి సుంకం, డిసెంబరులో నిషేధం వచ్చాయి. నిషేధం 2024 మే 4న తొలగినా, సుంకం పూర్తిగా పోయింది 2025 ఏప్రిల్ 1నే.

ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేసే వీలుందా అంటే అదీ కష్టమే. ఆహార కొరత ఏర్పడినప్పుడు తాత్కాలికంగా ఎగుమతులు ఆపేందుకు గాట్ 11వ అధికరణ అవకాశమిస్తోంది. వ్యవసాయ ఒప్పందంలోని 12వ అధికరణ దిగుమతి చేసుకొనే దేశాల ఆహార భద్రతను గమనించమంటుందే గాని, పండించిన రైతు నష్టాన్ని ప్రస్తావించదు. 2010లో అమల్లోకి వచ్చిన ఆసియాన్ ఒప్పందం ప్రధానంగా దిగుమతి సుంకాలకు సంబంధించినది. అందులో పామాయిల్‌పై సుంకం తగ్గింపునకు మన దేశం ఒప్పుకున్న విషయం సీమ వేరుసెనగ రైతుకు వేరే చెప్పనక్కరలేదు.

పరిష్కారం జెనీవాలో వెదకనవసరం లేదు. మొదటిసారి మినహాయింపునకు నాలుగు నెలలకు పైగా పట్టింది, రెండోసారి 25 రోజులు. నిషేధపు ఉత్తర్వులోనే కేపీ రకాన్ని మినహాయిస్తే, నారు పోసే రైతుకు తన పంట రేవు దాటుతుందో లేదో ముందే తెలుస్తుంది.