జీపుకు జోడు

మొదటి మోటారుబండి కొనేటప్పుడు మనిషి తన మనసునొక్కదానినే సంప్రదించినా చెల్లుతుంది. రెండవది కొనేటప్పుడు ఇంటిల్లిపాదినీ అడగక తప్పదు. ఆ మొదటి బండి కొండలూ గుట్టలూ ఎక్కే జీపు జాతిది అయినప్పుడు ఈ అడగడం మరింత అవసరం. ఢిల్లీలోను, దాని చుట్టూ ఉన్న గురుగ్రామ్, ఫరీదాబాద్, నోయిడా, ఘాజియాబాద్‌లలోను ఇటువంటి జీపు ప్రియులు తక్కువేమీ కాదు. నాలుగు రోజులు సెలవు దొరికితే చాలు, స్పితి లోయకో రాజస్థాన్ ఇసుక తిన్నెలకో బయలుదేరుతారు. వారిని చూసి నవ్వేవారున్నారు. నేను నవ్వను. దారి లేని చోట దారి చేసుకొని పోవడంలో ఒక ఆనందం ఉన్నది. ఈ సరదాకు ఆంగ్లంలో ‘ఆఫ్ రోడింగ్’ అని పేరు. అనువాదం వృత్తిగా బ్రతికేదానిని గనుక దీనికి తెలుగు మాట కోసం చాలాకాలం వెదికాను. దొరకలేదు. మన తాతల నాటి ఎడ్లబండి ప్రయాణమంతా బాట లేని ప్రయాణమే గదా, దానికి వేరే పేరెందుకు పెడతారు?

తెలుగునాట నా ఈడువారికి జీపు అనగానే గుర్తుకు వచ్చేది సరదా కాదు, సర్కారు. ఊళ్ళోకి అధికారి వచ్చాడనడానికి దుమ్ము లేపే జీపే ఆనవాలు. ఎన్నికల రోజులలో దానికే మైకు కట్టేవారు. 1941లో అమెరికా సైన్యం కోసం విల్లీస్ సంస్థ తయారు చేయసాగిన ఆ బండిని స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలోనే మహీంద్రావారు విడిభాగాలు తెప్పించి మన దేశంలో బిగించసాగారు. ఢిల్లీ ప్రాంతానికీ ఈ కథలో ఒక చోటు ఉన్నది. నాటి గుర్గావ్‌లోని మారుతీ కర్మాగారం నుండి 1983 డిసెంబరు 14న మొదటి మారుతి 800 బయటికి వచ్చింది. ఇందిరా గాంధీ తాళపుచెవులు అందించగా అందుకొన్నది ఢిల్లీ వాస్తవ్యుడు హర్‌పాల్ సింగ్. రెండేండ్లు తిరిగేసరికి, 1985 డిసెంబరులో, అదే సంస్థ జిప్సీని విడుదల చేసింది. ఒకటి వీధికి, ఒకటి కొండకు. ఈనాడు జీపు ప్రియులు తలలు పట్టుకొంటున్న సమస్యకు ఆనాడే ఒకే సంస్థ జంట సమాధానం చూపించినట్లయింది.

జిప్సీ కాలం ముగిసింది. 2020 ఆగస్టు 15న కొత్త రూపంలో వచ్చిన మహీంద్రా థార్, 2023లో వచ్చిన మారుతి జిమ్నీ, ఫోర్స్ వారి గూర్ఖా ఇప్పుడు ఆ స్థానంలో ఉన్నాయి. వీటి నిర్మాణంలోనే మన ప్రశ్నకు మూలం ఉన్నది. ఇవి నిచ్చెనవంటి ఉక్కు చట్రం మీద కూర్చున్న బండ్లు. నాలుగు చక్రాలకూ శక్తినందించే ఏర్పాటు, దానికి తోడు రాళ్ళమీద నెమ్మదిగా, బలంగా ప్రాకడానికి తక్కువ వేగపు అదనపు గేర్లు వీటికి ఉంటాయి. థార్ పొట్ట నేలకు 226 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటుంది. కొండమీద వరమైన ఈ ఎత్తే కాలనీ గేటు ముందు శాపమవుతుంది. వంతెన మలుపులో బండి ఒక ప్రక్కకు ఒరుగుతుంది. మూడు తలుపుల థార్‌లో వెనుకకు చేరాలంటే ముందు సీటును మడిచి దూరాలి. జిమ్నీకి అయిదు తలుపులున్నా కూర్చునేది నలుగురే. వెనుక సీటు నిలబెట్టి ఉన్నప్పుడు సామానుకు మిగిలేది 208 లీటర్ల చోటు. రాళ్ళకోసం గట్టి టైర్లు వేయించినవారికి తారురోడ్డు మీద వాటి రొద చెవులకు తెలుస్తుంది, వాటి అరుగుదల జేబుకు తెలుస్తుంది.

గురుగ్రామ్‌లో ఒక మిత్రుని ఇంట నేను కళ్ళారా చూసిన సంగతి చెబుతాను. ఆయన తల్లికి డెబ్బది దాటాయి, మోకాళ్ళ నొప్పులు. డాక్టరు దగ్గరికి బయలుదేరినప్పుడల్లా ఆయన ఒక ప్లాస్టిక్ పీట తెచ్చి థార్ ముందు వేసేవాడు. ఒకనాడు ఆమె పీటమీద ఒక కాలుపెట్టి ఆగి, “నాయనా, ఇంతకన్నా ఏనుగెక్కడం తేలిక గదరా! నేను ఆటోలో వస్తాను, నువ్వు వెనకాల రా” అన్నది. ఆయన నవ్వి, “అదేమిటమ్మా, ఈ బండిలో లదాఖ్ వెళ్ళి వచ్చాను” అన్నాడు. “లదాఖ్ నువ్వు వెళ్ళావు. ఆస్పత్రికి వెళ్ళేది నేను” అన్నది ఆమె.

రెండవ బండి ఎన్నికకు ఇంతకంటె మంచి కొలబద్ద నాకు తెలియదు. అయినా జీపు ప్రియులు చాలామంది ఏం చేస్తారో చూడండి. రెండవది కొనవలసి వచ్చినప్పుడు కూడా వారి కన్ను మళ్ళీ ఎత్తయిన బండి మీదికే పోతుంది. నాలుగు చక్రాలకూ శక్తి లేని, జీపు వేషం మాత్రమే వేసుకొన్న బండ్లు బజారులో బోలెడున్నాయి. అటువంటి బండి అందరికీ పనికిరాదని కాదు. అసలైన జీపు ఇంట్లో ఉన్నవారికి దానివలన కొత్తగా ఒరిగేది స్వల్పం. ఒక నెలపాటు చిన్న పుస్తకంలో ఇంటి ప్రయాణాలన్నీ వ్రాసి చూడండి. ఎవరు ఎక్కారు, ఎంతమంది, ఎన్ని కిలోమీటర్లు, ఎక్కడ నిలిపారు, ఏ ప్రయాణం బండి లేక ఆగిపోయింది. ఆ చివరి వరుసే ముఖ్యం. బడి, కూరగాయలు, ఆస్పత్రి, స్టేషనుకు చుట్టాలు, ఆదివారం అశోకా రోడ్డు ఆంధ్రా భవన్‌లో భోజనం — చాలా ఇండ్లలో పుస్తకం వీటితోనే నిండుతుంది. ఆ పుస్తకంలో లదాఖ్ ఒక్క పుట కూడా ఆక్రమించదు.

ఇక ఢిల్లీకే ప్రత్యేకమైన చిక్కు ఒకటున్నది. ఇతర ప్రాంతాల పాఠకులు దీనిని కాస్త ఓపికగా చదవాలి. పదేండ్లు దాటిన డీజిల్ బండ్లు రాజధాని ప్రాంతంలో తిరగరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015 ఏప్రిల్ 7న ఆదేశించింది. పెట్రోలు బండ్లకు హద్దు పదిహేనేండ్లు. 2018 అక్టోబరు 29న సుప్రీంకోర్టు దీనిని అమలు చేయమన్నది. 2025 జూలై 1 నుండి కాలం చెల్లిన బండ్లకు ఢిల్లీ బంకులలో ఇంధనం పోయరాదన్న ఏర్పాటు మొదలై, ప్రజల గగ్గోలు మధ్య రోజులలోనే నిలిచిపోయింది. అదే ఏడాది ఆగస్టు 12న, వయసు ఒక్కటే కారణంగా యజమానులపై కఠిన చర్య వద్దని సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. డిసెంబరు 17న ఆ రక్షణను బి.ఎస్.-4, ఆపై ప్రమాణాల బండ్లకు పరిమితం చేసింది. మధ్యంతర ఉత్తర్వును నమ్ముకొని పదేండ్ల పెట్టుబడి పెట్టడం వివేకం కాదని నా అభిప్రాయం.

జీపు ప్రియునికి ఈ నియమం మిగిలినవారికంటె ఎక్కువ బాధ కలిగిస్తుంది. ఎందుకంటే లెక్క కిలోమీటర్లతో కాదు, సంవత్సరాలతో. ఏడాదికి అయిదు వేల కిలోమీటర్లు మాత్రమే తిరిగే సరదా బండి పదేండ్లకు యాభై వేలు తిరుగుతుంది. డీజిల్ ఇంజనుకు అది యౌవనం. కాగితాల మీద మాత్రం వార్ధక్యం. థార్ పెట్రోలుతోనూ దొరుకుతుంది, జిమ్నీ పెట్రోలుదే. గూర్ఖా కొనేవారికి డీజిల్ తప్ప వేరే మార్గం లేదు. కనుక మొదటిది డీజిల్ అయితే రెండవది డీజిల్ కాకుండా చూసుకోవాలి. ఒక ఉత్తర్వుతో రెండు బండ్లూ ఒకేసారి మూలబడే పరిస్థితి తెచ్చుకోవడమెందుకు? చలికాలంలో గాలి మరీ చెడినప్పుడు వచ్చే మూడవ దశ ఆంక్షలలో బి.ఎస్.-3 పెట్రోలు, బి.ఎస్.-4 డీజిల్ కార్లకు ఢిల్లీలోను, చుట్టుప్రక్కల నాలుగు జిల్లాలలోను తిరిగే అనుమతి ఉండదు. పాత జీపును ప్రాణంగా చూసుకొనేవారికి రెండవ బండి ఆ రోజులలో విలాసం కాదు, అదే గతి.

యంత్రపరంగా కూడా ఒక కారణం ఉన్నది. 2020 ఏప్రిల్ నుండి వచ్చిన బి.ఎస్.-6 డీజిల్ బండ్ల పొగగొట్టంలో మసిని పట్టి ఉంచే జల్లెడ వంటి సాధనం ఉంటుంది. చేరిన మసిని అది తనంతట తానే కాల్చివేయాలి. అందుకు సుమారు 600 డిగ్రీల వేడి కావాలి. రెండు కిలోమీటర్ల దూరంలోని బడికి వెళ్ళి వచ్చే బండికి ఆ వేడి పుట్టదు. మసి పేరుకొని, హెచ్చరిక దీపం వెలిగి, చివరికి ఖరీదైన మరమ్మతుకు దారి తీస్తుంది. అంటే చిన్న ప్రయాణాలను రెండవ బండి మోయడం వలన మొదటి దానికే మేలు. అయితే రెండవది వచ్చింది గదా అని మొదటిదానికి ముసుగు కప్పి నెలల తరబడి కదపకుండా ఉంచకూడదు. బ్యాటరీ నీరసిస్తుంది, టైర్లు ఒకే వైపు అణగిపోతాయి. వారానికొకసారి అరగంటకు తగ్గకుండా పెద్ద రోడ్డు మీద నడపాలి.

మరి ఏ రకం మంచిది? నగరంలోనే తిరిగే కుటుంబానికి, సొంత పార్కింగులో రాత్రి విద్యుత్తు అందే ఏర్పాటు ఉంటే, చిన్న ఎలక్ట్రిక్ కారును మించినది లేదంటాను. దూరాభారం జీపు ఎలాగూ చూసుకొంటుంది గనుక, ఎలక్ట్రిక్ బండికి ఉన్న పెద్ద భయం ఈ ఇంట్లో వర్తించదు. జీపు ఉన్నవారికి మిగిలినవారికి లేని సౌకర్యం ఇది. అపార్టుమెంటులో చార్జింగు కనెక్షను సంగతి సంఘంవారితో ముందుగా వ్రాతపూర్వకంగా తేల్చుకోవాలి. మాట మీద వదిలితే బండి వచ్చాక తగవు వస్తుంది. అది కుదరనివారికి సి.ఎన్.జి. ఉన్నది. ఢిల్లీ బస్సులను ఆ ఇంధనంలోకి మార్చమని సుప్రీంకోర్టు 1998లో ఆదేశించినప్పటి నుండి ఈ ప్రాంతానికి అది సుపరిచితం. కాని సిలిండరు సామాను గదిని మింగేస్తుంది, దానికి మూడేండ్లకొకసారి పరీక్ష చేయించాలి, బంకులో వరుస కట్టాలి. ఇవేవీ పొసగనివారు గేరు మార్చే శ్రమ లేని చిన్న పెట్రోలు కారు చూసుకోవచ్చు. పాత కారుకంటె ఎత్తు, జీపుకంటె పల్లము అయిన సీటు — నడుము వంచకుండా, కాలు ఎత్తకుండా కూర్చోగలిగేది — వృద్ధులున్న ఇంటికి ఇంజనుకంటె ముఖ్యం. నెలకు నాలుగుసార్లు ఆగ్రా దారిలో 165 కిలోమీటర్ల యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద పోయేవారి సంగతి వేరు. వేగంలో నిలకడగా ఉండే నిడుపాటి కారు వారికి తగినది.

రెండవది కారే కావాలా అన్న ప్రశ్న కూడా నిజాయితీగా వేసుకోవాలి. 2002 డిసెంబరులో షాదరా, తీస్ హజారీల మధ్య మొదలైన మెట్రో ఇప్పుడు నోయిడాకు, గురుగ్రామ్‌కు, ఫరీదాబాద్‌కు, ఘాజియాబాద్‌కు చేరింది. స్టేషను దగ్గరగా ఉన్నవారికి ఒక ఎలక్ట్రిక్ స్కూటరు, మెట్రో కార్డు కలిసి సగం పుస్తకాన్ని పూరిస్తాయి. గోడ ప్రక్క బండి నిలిపే చోటుకై పొరుగువారు మాటలు మానుకొనే నగరం ఇది. చోటు లేకుండా రెండవ కారు తెచ్చేవారు మూడవ తగవు కొనుక్కొంటున్నట్లే.

జీపుకు పెద్ద టైర్లు, ఇతర హంగులు అమర్చుకొనేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. రిజిస్ట్రేషను నాటి తయారీదారు ప్రమాణాలకు విరుద్ధంగా బండిని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తేల్చి చెప్పింది. ముందు భాగాన బిగించే ఇనుప కడ్డీల మీద కేంద్ర ప్రభుత్వం 2017 డిసెంబరులోనే వేటు వేసింది. మరొక మాట, వానాకాలంలో మింటో వంతెన క్రింద నీరు నిలిచినప్పుడు జీపు ప్రియుని చేతులు దురదపెడతాయి. థార్ 650 మిల్లీమీటర్ల నీటిలో దిగగలదని తయారీదారుల మాట. కాని ఆ వంతెన క్రింద ఎంత లోతున్నదో గట్టున నిలబడి ఎవరూ చెప్పలేరు. ఆరావళి కొండల మాట కూడా అంతే. పంజాబ్ భూసంరక్షణ చట్టం క్రింద ప్రత్యేక ఉత్తర్వులున్న హర్యానా భూములను అడవిగానే భావించాలని 2022 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. మంగర్ గ్రామస్థులు కొమ్మ విరవకుండా కాపాడుకొన్న పవిత్ర వనం అక్కడే ఉన్నది. అక్కడ చక్రాల ప్రతాపం చూపడం సరదా క్రిందికి రాదు.

బీమా విషయంలో కొంత ఊరట ఉన్నది. తిరిగిన దూరాన్ని బట్టి ప్రీమియం చెల్లించే పద్ధతికి, ఒకే యజమాని బండ్లన్నిటికీ కలిపి ఒకే పాలసీ తీసుకొనే పద్ధతికి బీమా నియంత్రణ సంస్థ 2022 జూలైలో అనుమతినిచ్చింది. తక్కువ తిరిగే జీపు ఉన్నవారు ఏజెంటును ఈ రెండింటి గురించీ అడగాలి. అడగకపోతే ఆయన చెబుతాడన్న నమ్మకం లేదు.

రెండవది సెకండ్ హాండ్ అయినా ఫరవాలేదనుకొనేవారు 2020 ఏప్రిల్ తరువాతి పెట్రోలు బండ్లనే చూడడం మేలు. రిజిస్ట్రేషను పత్రంలో మొదటి తేదీ, ఇంధనం, ప్రమాణం అనే మూడు గడులనూ సొంత కళ్ళతో చదవాలి. పరీక్షకు నడిపే రోజున షోరూమువారి విశాలమైన రోడ్డు మీద కాక, సొంత కాలనీ గేటులోకి తెచ్చి, సొంత చోటులో నిలిపి చూడాలి. వెనుక సీటులో కూర్చోబోయేవారిని ఆ రోజు తప్పక వెంట తీసుకొని వెళ్ళాలి. పీట మాత్రం ఇంటి దగ్గరే ఉంచాలి.