సెమీ ఆటోమేటిక్ రైఫిలా, ఒక్క తూటా రైఫిలా: గురి నేర్చుకునే ఇంటికి ఏది మేలు?

మన కుటుంబాల్లో కొంతకాలంగా ఒక చర్చ నడుస్తోంది. టెక్సస్‌లో ఉన్న బావ శనివారం రేంజికి వెళ్తాడు, సెమీ ఆటోమేటిక్ రైఫిల్ కాలుస్తాడు, వీడియో పంపుతాడు. హల్దియాపదర్‌లోనూ బెంగళూరులోనూ ఉన్న మన పిల్లలు అది చూసి ప్రశ్నలు మొదలుపెడతారు. ఏఆర్-15 మంచిదా, రూగర్ 10/22 మంచిదా, మినీ-14 సంగతేంటి అని. పెద్దమ్మ మాత్రం "ఏటి నాయనా, ఈ తుపాకుల గోల మనకెందుకు?" అని ఒక్క మాటతో తేల్చేస్తుంది.

పెద్దమ్మ మాటలో నిజం ఉంది గానీ పూర్తి నిజం లేదని మా అభిప్రాయం. గురి చూసి కాల్చడం మంచి ఆట. మనసుకి, ఊపిరికి, చేతికి ఒకేసారి క్రమశిక్షణ నేర్పే ఆటలు ఎక్కువ లేవు. అయితే ఆ ఆట నేర్చుకోవడానికి సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌తో మొదలెట్టడం తప్పు దారి. ఎందుకో వివరంగా రాస్తున్నాం. బరంపురం వాళ్లకైనా, అమెరికా వాళ్లకైనా మేం చెప్పేది ఇదే.

మనకి తుపాకీ చప్పుడు కొత్త కాదు. గోపాల్‌పూర్ దగ్గర గోలాబంధలో ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది, సముద్రం వైపు కాల్చే రేంజి ఉంది. ఇటు బరంపురంలో రెండేళ్లకోసారి బుడి ఠాకురాణి జాతర వస్తుంది. అలాంటి జాతరల్లో గుడ్డ మీద బెలూన్లు గుచ్చి, స్ప్రింగు తుపాకీ చేతికిచ్చి, పది రూపాయలకి ఇన్ని దెబ్బలని లెక్కగట్టే బండి ఎవరికి తెలియదు? ఆ తుపాకీ గొట్టం వంచి, ఒక్క పెల్లెట్ పెట్టి, మళ్లీ సరిచేసి కాల్చాలి. తప్పితే మళ్లీ మొదట్నించి. మన పిల్లల్లో చాలామందికి మొదటి రైఫిల్ పాఠం అదే. ఆ పాఠం చాలా మంచిదని మేం ఈ వ్యాసంలో చెప్పబోతున్నాం.

ముందుగా సెమీ ఆటోమేటిక్ అంటే ఏమిటో చూద్దాం. ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒకే తూటా పేలుతుంది. ఖాళీ కేసు దానంతట అదే బయట పడుతుంది, మ్యాగజైన్‌లోని తర్వాతి తూటా దానంతట అదే గొట్టంలోకి చేరుతుంది. మళ్లీ నొక్కితే మళ్లీ ఒకటి. నొక్కి పట్టుకుంటే వరసగా పేలేది ఆటోమేటిక్, అది వేరు. ఏఆర్ అంటే 'అసాల్ట్ రైఫిల్' అని చాలామంది అనుకుంటారు గానీ, అది ఆర్మలైట్ అనే కంపెనీ పేరులోంచి వచ్చింది. 1950ల్లో యూజీన్ స్టోనర్ అక్కడ దాన్ని రూపొందించాడు, తర్వాత హక్కులు కోల్ట్ కంపెనీకి వెళ్లాయి. రూగర్ 10/22 వచ్చింది 1964లో. అదే కంపెనీ మినీ-14 1970ల్లో వచ్చింది.

పోలికకి వద్దాం. 10/22 కాల్చేది .22 ఎల్ఆర్ అనే చిన్న తూటా. పేలినప్పుడు కేసు వెనక్కి తన్నే బలంతోనే దాని యంత్రం నడుస్తుంది. మామూలుగా దాని మ్యాగజైన్ పది తూటాలది. ఏఆర్-15, మినీ-14 మామూలుగా కాల్చేది .223 తూటా. వాటిని నడిపేది పేలినప్పుడు పుట్టే గ్యాసు. ఏఆర్‌లో ఆ గ్యాసు సన్న గొట్టంలోంచి వెనక్కి వచ్చి బోల్టు భాగాన్ని నెడుతుంది. అందుకే తరచూ శుభ్రం చేసుకోవాలి. దాని సుగుణం ఏమిటంటే భాగాలన్నీ విప్పి మార్చుకోవచ్చు: గొట్టం, ట్రిగ్గర్, భుజానికి ఆనే కట్ట అన్నీ. మినీ-14 పాతకాలపు చెక్క రైఫిల్‌లా కనబడుతుంది, పనిచేసే తీరు ముతక, మార్చుకునే వీలు తక్కువ. కేవలం కాగితం మీద గురి కోసమైతే ఈ మూడింటిలో మా ఓటు 10/22కే. తూటా చవక, భుజానికి తన్ను దాదాపు లేదు, చప్పుడు తక్కువ. తక్కువ అన్నామని చెవులకి రక్షణ మానేయకూడదు లెండి. .223 తూటా ఖరీదు దీనికి కొన్ని రెట్లు ఉంటుంది.

బలంలో తేడా చూడండి. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పెల్లెట్‌కి ఉండే శక్తి సుమారు 7, 8 జౌళ్లు. .22 తూటాకి సుమారు 140. .223కి సుమారు 1700. అంటే ఏఆర్ కాల్చే ప్రతి దెబ్బలో రెండొందల ఎయిర్ రైఫిల్ దెబ్బల బలం ఉంటుంది. కాగితానికి చిల్లు పెట్టడానికి అంత బలం అక్కర్లేదు. తప్పు చేస్తే మాత్రం ఆ బలమంతా ఎక్కడికో పోతుంది. చిన్నదనుకునే .22 తూటా కూడా ఒక మైలు పైన పోగలదు.

మా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఆ పనిలో మొదటి సూత్రం, ఒకసారికి ఒక్కటే మార్చి చూడాలి. నాలుగు సెట్టింగులు ఒకేసారి మార్చి "పని చేయట్లేదు" అంటే కారణం ఎవరికీ దొరకదు. కొత్తగా రైఫిల్ పట్టినవాడి చేతిలో ఎన్ని విషయాలు ఒకేసారి మారుతున్నాయో లెక్కపెట్టండి: నిలబడే తీరు, ఊపిరి, కన్ను, ట్రిగ్గర్ మీద వేలు, పేలిన తర్వాత రైఫిల్‌ని కదలకుండా పట్టుకోవడం. దీనికి తోడు భుజానికి తన్ను, చెవి దగ్గర పెద్ద చప్పుడు, తర్వాతి తూటా సిద్ధంగా ఉందన్న తొందర కలిస్తే, తూటా ఎడమకి ఎందుకు పోయిందో ఆ కుర్రాడికే తెలియదు. పది తూటాలు అయిపోతాయి, కాగితం మీద పది చిల్లులు ఉంటాయి, ఏ చిల్లు ఏ తప్పుదో చెప్పలేడు.

రైఫిళ్ల పోలికలో చాలామంది చేసే పని మూడు తూటాలు కాల్చి, దగ్గర దగ్గరగా పడితే ఫొటో తీసి "నా రైఫిల్ ఇలా కొడుతుంది" అనడం. టెస్టర్ కళ్లకి అది పరీక్ష కాదు. ఒకే రకం తూటా, ఒకే దూరం, రైఫిల్‌ని దిండు మీద ఆనించి, ఐదేసి తూటాల గుంపులు కనీసం ఐదు కాల్చాలి. వాటిలో మంచిదొక్కటే ఏరుకోకుండా అన్నింటి సగటు తీయాలి. గుంపు వెడల్పుని మినిట్ అనే కోణంతో కొలుస్తారు. వంద మీటర్ల దగ్గర ఒక మినిట్ అంటే సుమారు 29 మి.మీ. మామూలు ఏఆర్, మామూలు తూటాలతో 2 నుంచి 4 మినిట్ల మధ్య కొడుతుంది. మంచి గొట్టం, మంచి తూటా పెడితే ఒకటి లోపలికి వస్తుంది. అయితే కొత్తవాడి చెయ్యి వణుకు దీనికి ఎన్నో రెట్లుంటుంది. వాడి చేతిలో ఏ రైఫిలైనా ఒక్కటే. రెండు రైఫిళ్ల మధ్య తేడా కనబడాలంటే ముందు మనిషి తేడా తగ్గాలి.

ఇప్పుడు ఒలింపిక్ ఆట చూడండి. రైఫిల్ పోటీల్లో ఎక్కడా సెమీ ఆటోమేటిక్ లేదు. పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో ఒక్కో పెల్లెట్ చేత్తో పెట్టాలి. లక్ష్యం మొత్తం వెడల్పు 45.5 మి.మీ., నడిమి పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. 60 దెబ్బలకి గంటా పదిహేను నిమిషాలు ఇస్తారు. అంటే ఒక్కో దెబ్బకి నిమిషం పైనే. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచింది దీంట్లోనే. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండన్‌లో కాంస్యం గెలిచింది కూడా దీంట్లోనే. 2024లో పారిస్‌లో స్వప్నిల్ కుసాలే కాంస్యం తెచ్చిన 50 మీటర్ల మూడు భంగిమల పోటీ .22 రైఫిల్‌ది, అక్కడా ఒక్కో తూటానే. మన ఒడిశా అమ్మాయి శ్రియాంకా సాడంగి పారిస్ ఒలింపిక్స్‌కి దేశానికి ఒక కోటా స్థానం సంపాదించిందీ ఆ పోటీలోనే. భువనేశ్వర్ కళింగ స్టేడియంలో గగన్ నారంగ్ పేరుతో షూటింగ్ శిక్షణ కేంద్రం ఉంది. బరంపురం నుంచి పొద్దున రైలెక్కితే చేరే దూరంలో ఇంత ఉండగా, మన పిల్లలు టెక్సస్ వైపు చూసి నిట్టూర్చడం మాకు బాధగా ఉంటుంది.

దీనికి ఎదురుమాట కూడా ఉంది, అది బలమైనదే. "సెమీ ఆటోమేటిక్‌కీ దాని ఆట ఉంది కదా?" అని బావ అంటాడు. ఉంది. 25 మీటర్ల పిస్టల్ పోటీలో వాడేది సెమీ ఆటోమేటిక్ .22 పిస్టలే. మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో తెచ్చిన నాలుగు పతకాల్లో రెండు ఆ పోటీవే. అయితే ఆ పోటీ నడిచే తీరు గమనించండి. సగం దెబ్బలు తాపీగా కాల్చేవి. మిగతా సగంలో 3 సెకన్లు లక్ష్యం కనబడుతుంది, ఒక్క దెబ్బ, మళ్లీ 7 సెకన్లు పిస్టల్ కిందికి దించి ఆగాలి. యంత్రం వేగంగా ఉన్నా ఆట నియమం మనిషిని ఒక్కో దెబ్బకే కట్టేసింది. అమెరికాలో వేగం మీద నడిచే రైఫిల్ పోటీలూ ఉన్నాయి, సరదా కూడా ఉంటుంది, కాదనం. కానీ అందులో పైకొచ్చేవాళ్లు ముందు నిదానం నేర్చుకున్నవాళ్లే. నిదానం రాకుండా వేగానికి దిగితే గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

ఇక చట్టం. ఇది తేలిగ్గా తీసుకోవాల్సిన విషయం కాదు. మన దేశంలో సెమీ ఆటోమేటిక్ రైఫిల్ నిషేధిత ఆయుధాల వర్గంలోకి వస్తుంది. మామూలు పౌరుడికి లైసెన్సు దొరకదు. కనుక హల్దియాపదర్‌లో కూర్చుని ఏఆర్‌ల ధరలు వెతకడం కాలక్షేపమే. లైసెన్సుకి 21 ఏళ్లు నిండాలి, 2019 సవరణ తర్వాత ఒకరి దగ్గర రెండు తుపాకులకి మించి ఉండకూడదు, పెళ్లి ఊరేగింపులో గాలిలోకి కాల్చి జనాన్ని ప్రమాదంలో పెడితే జైలు. మన ఇళ్ల పెళ్లిళ్లలో ఎవరైనా ముచ్చటపడితే ఈ మాట గుర్తు చేయండి. .177 బోరు, 20 జౌళ్ల లోపు ఎయిర్ రైఫిల్‌కి మాత్రం 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. దారి తెరిచి ఉన్నది అక్కడే.

అమెరికాలో ఉన్న మన పిల్లలకి చెప్పాల్సిన మాట ఇంతకన్నా ముఖ్యం. ఎఫ్-1 మీద చదువుకుంటున్నా, హెచ్-1బి మీద ఉద్యోగం చేస్తున్నా, అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడమే నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. రేంజిలో అద్దెకి తీసుకుని పట్టుకున్నా ఆ నిషేధం వర్తించవచ్చు. బావకి గ్రీన్ కార్డు ఉంది, ఆయన లెక్క వేరు. ఆయనతో సరదాగా వెళ్లిన తమ్ముడి లెక్క వేరు. ఒక ఫొటో కోసం తండ్రి అప్పు చేసి పంపిన చదువుని పణంగా పెట్టొద్దు. ముందు లాయర్ని అడగండి, తర్వాతే రేంజి.

గ్రీన్ కార్డు, పౌరసత్వం ఉన్నవాళ్లకి మా సలహా ఇది. మొదటి రైఫిల్ .22 కొనండి, వీలైతే బోల్టు రైఫిల్. 10/22 కొంటే మొదటి ఏడాది మ్యాగజైన్‌లో ఒక్క తూటానే పెట్టి కాల్చండి. తుపాకీ ఒక పెట్టెలో, తూటాలు ఇంకో పెట్టెలో, రెండింటికీ తాళం. ఇంట్లో పిల్లలుంటే తాళంచెవి ఎక్కడుందో వాళ్లకి తెలియకూడదు. ఈ తాళాల ఖర్చు బరువనిపిస్తే రైఫిల్ కొనే సమయం ఇంకా రాలేదన్నమాట.

ఇక్కడ ఉన్నవాళ్లకి: పోటీ స్థాయి జర్మన్ ఎయిర్ రైఫిల్ లక్షల్లో ఉంటుంది. మొదటి రోజే దానికి పరిగెత్తకండి. క్లబ్బు రైఫిల్‌తో ఆరు నెలలు కాల్చనివ్వండి. మహారాష్ట్రలో ప్రిసిహోల్ లాంటి మన దేశపు తయారీదారులూ ఉన్నారు. ఆరు నెలల తర్వాత కూడా పిల్లవాడు స్కోరు పుస్తకంలో ప్రతి దెబ్బా రాసుకుంటుంటే, అప్పుడు డబ్బు సంగతి మాట్లాడుకోవచ్చు. వాడు కాల్చడం కన్నా ఫొటోలు దిగడం ఎక్కువ చేస్తుంటే ఆ డబ్బు మిగిలినట్టే.

మా బడి చదువు కన్నడ మీడియంలో సాగింది. ముందు గురి ఉండాలి, వెనక గురువు ఉండాలని కన్నడంలో ఒక సామెత. గురి అన్న మాట రెండు భాషల్లోనూ ఒకటే, అయితే తెలుగులో దానికి నమ్మకం అన్న అర్థం కూడా ఉంది. "వాడి మీద నాకు గురి" అంటాం కదా. ఒక్కో పెల్లెట్ చేత్తో పెట్టి, ఊపిరి బిగపట్టి, తప్పితే ఎందుకు తప్పిందో రాసుకునే కుర్రాడి మీద మాకు ఆ గురి కుదురుతుంది. ముప్ఫై తూటాల మ్యాగజైన్ ఖాళీ చేసి నవ్వే కుర్రాడి మీద ఇంకా కుదరలేదు. పెద్దమ్మకి కూడా ఇలాగే చెప్పాం. "అయితే ముందు చదువు మీద ఊపిరి బిగపట్టమను" అంది. అదీ న్యాయమే.