గట్టు ఎత్తు ఎవరినడిగి కట్టారు?

కొత్త వంటింటికి గ్రానైట్ రంగు మనల్ని అడుగుతారు. గట్టు ఎత్తు మాత్రం మేస్త్రీ ఇష్టం! నాలుగడుగుల పదంగుళాల ఆవిడకీ, అయిదున్నర అడుగుల ఆవిడకీ ఒకటే కొలత. ఆపైన గ్యాస్ స్టవ్ ఎత్తు, దానిమీద గిన్నె. పప్పు కలపాలంటే భుజం పైకెత్తాల్సిందే. సాయంత్రానికి నొప్పి వస్తే వయసు మీదపడిందని సరిపెట్టుకుంటాం.

నిటారుగా నిలబడి మోచేయి మడవండి. నేల నుంచి అక్కడిదాకా కొలిచి, నాలుగంగుళాలు తగ్గించండి. కూరలు తరగడానికి అది సరైన ఎత్తు. స్టవ్ పెట్టేచోట ఇంకో మూడంగుళాలు దించమనండి. "ఒకే లెవెల్ లేకపోతే చూడ్డానికి బాగోదమ్మా" అంటాడు మేస్త్రీ. చూసేవాళ్లు హాల్లో కూర్చుంటారు, ఇక్కడ నిలబడేది మనం కదా! కింద పాదాలు దూరేలా కాస్త ఖాళీ కూడా వదలమనండి. ఇవన్నీ బండ పరచకముందే చెప్పాలి సుమా, తర్వాత ఎవరూ కదపరు.