సినిమాలో మా కొండ ఉంది, మేము లేము



మన హాస్టల్లో ఆదివారం టీవీలో సినిమా పెడతారు కదా. సోమవారం అంతా దాని గురించే మాట్లాడుకుంటాం. హీరో ఎలా కొట్టేడు, హీరోయిన్ ఏ చీర కట్టింది అని. నేను ఇంకో సంగతి రాద్దామనుకున్నాను. ఈ మధ్య చూసిన మూడు సినిమాల గురించి నా అభిప్రాయం ఇది. నచ్చనివాళ్ళు దీని పక్కనే కాగితం అంటించి జవాబు రాయవచ్చును.

మొదటిది 'శతమానం భవతి'. 2017 సంక్రాంతికి వచ్చింది. సతీష్ వేగేశ్న గారు తీశారు. కథ ఆత్రేయపురంలో జరుగుతుంది. అంటే మన కొత్తపేట వైపే, పూతరేకుల ఊరు. పిల్లలు విదేశాల్లో ఉండిపోతే ముసలి తల్లిదండ్రులు ఎంత ఎదురుచూస్తారో అందులో చూపించారు. దానికి జాతీయ అవార్డు కూడా వచ్చింది. టీవీలో కొబ్బరిచెట్లు కనబడగానే మన వంట అమ్మగారు గరిటె పట్టుకునే పరిగెత్తుకొచ్చి "మా వైపేనే, మా వైపే" అన్నారు. అయిపోయేదాకా కదల్లేదు. ఎందుకంటే అందులో చెట్లు మాత్రమే లేవు. ఇక్కడి మనుషులున్నారు, వాళ్ళ మాట ఉంది, వాళ్ళ పండగ ఉంది, వాళ్ళ దిగులు ఉంది. నాకూ బాగా నచ్చింది.

రెండోది 'పుష్ప' మొదటి భాగం. 2021 డిసెంబరులో వచ్చింది. డైరెక్టర్ సుకుమార్ గారిది రాజోలు దగ్గర మట్టపర్రు. ఆయన మన కోనసీమ వారే. ఈ సినిమాకి అల్లు అర్జున్ గారికి 2023లో జాతీయ ఉత్తమ నటుడు అవార్డు ప్రకటించారు. తెలుగు హీరోల్లో ఆ అవార్డు మొదట ఆయనకే వచ్చింది. కథ చిత్తూరు వైపుది. అడవి సీన్లు చాలా మటుకు తీసింది మారేడుమిల్లిలో. నాది ఆ వైపే. రాజమండ్రి, గోకవరం, రంపచోడవరం దాటి వెళ్ళాలి. అడవి కనబడగానే "మా కొండ" అని నేనూ అరిచేను. మావాళ్ళు ఎవరైనా కనబడతారేమో అని చివరిదాకా చూసేను. ఎవరూ లేరు. కొండ మాది, కథ వేరేవాళ్ళది.

అయినా ఆ సినిమా నాకు ఇష్టమే. ఒక కూలీ యజమాని ఎదురుగా కాలు మీద కాలు వేసుకుని కూర్చుంటే ఎవరికి ఈల వెయ్యాలనిపించదు చెప్పండి? మా నాన్న కూడా కూలికి వెళ్తాడు. కానీ పుష్ప ఒక్కడే పైకి వెళ్ళేడు. అతనితో పాటు చెట్లు కొట్టినవాళ్ళు ఏమయ్యారు? నిజం శేషాచలం అడవిలో ఏం జరిగిందో సోషల్ టీచరు గారు చెప్పేరు. 2015 ఏప్రిల్ 7న ఎర్రచందనం కొట్టడానికి వచ్చేరని పోలీసులు కాల్పులు జరిపితే 20 మంది చనిపోయారు. వాళ్ళు తమిళనాడు నుంచి వచ్చినవాళ్ళు. అందులో కొండల మీది గిరిజనులు కూడా ఉన్నారు. వాళ్ళెవరూ హీరోలు కాలేదు. ఎర్రచందనం అమ్ముకుని లక్షలు సంపాదించినవాళ్ళు ఆ అడవిలో లేరు.

ఇంకొకటి. డబ్బులిచ్చి శ్రీవల్లిని నవ్వమనడం ఏమిటి? మన హాల్లో అందరూ నవ్వేరు. మనం బజారుకి వెళ్ళేటప్పుడు దారిలో ఎవరైనా అలా అంటే నవ్వుతామా? సినిమాలో ఆ అబ్బాయి హీరో కాబట్టి ప్రేమ అంటున్నాం. బయట అయితే మేడమ్ గారికి చెప్పేస్తాం.

మూడోది 'ఆర్ఆర్ఆర్'. 2022 మార్చిలో వచ్చింది. 'నాటు నాటు' పాటకి 2023లో ఆస్కార్ వచ్చింది. ఆ పాట రాగానే మన హాలంతా గంతులే. ఈ కథ గోండు పిల్ల మల్లితో మొదలవుతుంది. దొరసాని చేతి మీద మల్లి బొమ్మ వేస్తుంది, పాట పాడుతుంది. దొరసాని నాణేలు విసురుతుంది. పాటకి ఇచ్చేరని తల్లి అనుకుంటుంది. పిల్లకి ఇచ్చిన వెల అని తరవాత తెలుస్తుంది. ఆ సీనుకి నాకు కడుపులో తిప్పినట్టయింది. మా అమ్మ కూడా సంతలో కొండచీపుర్లు అమ్మి, ఇచ్చిన డబ్బులు సరిగా ఉన్నాయో లేదో తెలియక నా చేతికిచ్చి లెక్కపెట్టమంటుంది.

అల్లూరి సీతారామరాజు, కొమురం భీము ఇద్దరూ నిజంగా ఉన్నవాళ్ళే. కానీ వాళ్ళు కలుసుకోవడం సినిమావాళ్ళు కల్పించింది. రాజు 1924లో చనిపోయాడు. భీము 1940లో జోడేఘాట్‌లో నిజాం సైన్యంతో పోరాడి చనిపోయాడు. సినిమా చివర్లో భీము, నా జనానికి చదువు కావాలి అని రాముణ్ణి అడుగుతాడు. అడిగింది మంచిదే. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటిదాన్ని నేనే, చదువు విలువ నాకు తెలుసు. అయితే భీము అక్షరాలు కష్టపడి నేర్చుకున్నాడని ఆయన చరిత్రలో ఉంది. జల్, జంగల్, జమీన్ అన్న మాట కూడా ఆయనదేనని చెప్తారు. సినిమాలో దాన్ని రాముడు రాస్తాడు. మనవాడు నేర్చుకున్న చదువుని మనవాడు అడుక్కున్నట్టు ఎందుకు చూపించాలి?

"సినిమా సరదాకి చూడాలి గానీ ఇంత ఆలోచించాలా?" అని నా ఫ్రెండ్సు అన్నారు. ఆలోచించాలనే నా అభిప్రాయం. ఎన్నో సినిమాల్లో కొండవాళ్ళంటే తలకి ఈకలు, ఒంటికి ఆకులు, నిప్పు చుట్టూ గంతులు. మా ఊళ్ళో ఈకలు పెట్టుకునేవాళ్ళు ఎవరూ లేరు. అడ్డాకులు కుడతారు, చింతపండు కొడతారు, సంతకి నడుస్తారు, రేషను కోసం వరసలో నిలబడతారు. ఈకలు చూసినవాళ్ళు మాత్రం, కొత్తగా చేరిన 5వ తరగతి చెల్లెళ్ళు బజారులో కనబడితే నోటితో ఆ గంతుల పాట అంటారు. ఒక చెల్లి నెల రోజులు గేటు దాటి బయటికి రాలేదు. సరదా వాళ్ళది, ఏడుపు మనది.

సినిమాలు చూడవద్దని నేను చెప్పటం లేదు. ఆదివారం కోసం నేనే ముందు చాప పరుస్తాను. నాకు కావలసినవి రెండే.

ఒకటి, వార్డెన్ మేడమ్ గార్లకు మనవి. సోమవారం సాయంత్రం స్టడీ అవరు ముందు ఒక అరగంట సినిమా గురించి మాట్లాడుకోనివ్వండి. అందులో ఎవరు మాట్లాడేరు, ఎవరు ఊరికే నిలబడ్డారు, ఏది నిజం, ఏది కల్పన అని పిల్లల్నే చెప్పమనండి.

రెండు, అక్కలకు చెల్లెళ్ళకు. సినిమావాళ్ళు కెమెరాలు తెచ్చుకుని మా కొండకి వచ్చేరు, తీసుకుని వెళ్ళిపోయారు. మన దగ్గర కెమెరా లేదు, కాగితం ఉంది. మీ ఊరి సంత గురించి, మీ అవ్వ చెప్పిన సంగతి గురించి ఒక్కొక్క పేజీ రాసి ఇవ్వండి. అక్షరదోషాలుంటే తెలుగు టీచరు గారు దిద్దుతారు. వచ్చే నెల ఈ గోడ మీద మన మనుషులు కనబడాలి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని