ఆట మనదే, తల ఎవరిది?

ఐస్ హాకీ మీద వెలువడిన మంచి పుస్తకాలను ఎవరు లెక్కపెట్టినా పీటర్ జౌస్కీ రచించిన ‘ద గేమ్ ఆఫ్ అవర్ లైవ్స్’ ముందు వరుసలో నిలుస్తుంది. 1980–81 సీజన్ పొడవునా ఎడ్మంటన్ ఆయిలర్స్ జట్టును వెన్నంటి తిరిగి, 1981లో ప్రచురించిన గ్రంథమిది. జట్టు అప్పటికి పసిది. 21 జట్ల నేషనల్ హాకీ లీగులో ఆ ఏడు దక్కినది 14వ స్థానం. అయినా ప్లేఆఫ్స్ తొలి దశలో మాంట్రియాల్ కెనేడియన్స్ వంటి మహామహులను వరుసగా మూడు ఆటల్లో ఓడించింది. ఇరవై ఏళ్ల వేన్ గ్రెట్‌స్కీ 164 పాయింట్లు సాధించి, ఫిల్ ఎస్పొసిటో పేరిట ఉన్న 152 పాయింట్ల రికార్డును చెరిపివేశాడు.

గ్రెట్‌స్కీ ప్రతిభను వివరించడానికి జౌస్కీ మనస్తత్వ శాస్త్రాన్ని ఆశ్రయిస్తాడు. చదరంగంలో ఆరితేరినవారు బల్లను ఒక్కొక్క పావుగా కాక అమరికలుగా గ్రహించినట్టే, గ్రెట్‌స్కీ మంచు మీది కదలికలను ముందే చదువుతాడని ఆయన వాదన. ఆ పుటలు అద్భుతంగా ఉంటాయి. పేచీ కూడా అక్కడే. ఒక మెదడు మీద ఇంత వెలుగు ప్రసరింపజేసిన గ్రంథం, దానికి కాపలాగా నిలబెట్టిన తలలకు ఆ వెలుగులో పాలు పంచలేదు.

గ్రెట్‌స్కీ పక్కన డేవ్ సెమెంకో ఉండేవాడు. గ్రెట్‌స్కీ ఒంటి మీద ఎవరైనా చెయ్యి వేస్తే బదులు తీర్చుకోవడం అతని పని. అటువంటి వారిని ఆ ఆటలో ఎన్‌ఫోర్సర్లు అంటారు. చేతి తొడుగులు విసిరి పిడికిళ్లతో తలపడితే పడే శిక్ష ఐదు నిమిషాల బహిష్కరణ మాత్రమే. సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో కోడిపందేలకు పట్టే గతి దీనికీ పట్టింది: నిషేధం కాగితం మీద, జనం బరి చుట్టూ. తేడా ఒక్కటే, పుంజుకు జీతం లేదు.

ఈ సంప్రదాయానికి రెండు సమర్థనలున్నాయి. మొదటిది, కొట్లాట భయం లేకపోతే ఆట మరింత క్రూరమవుతుందని. ఒలింపిక్స్‌లో కొట్లాటకు దిగినవాడిని ఆట నుంచే పంపివేస్తారు. అందువల్ల అక్కడి హాకీ కసాయి కొట్టు కాలేదు. రెండవది, వారు ఇష్టపడి ఎంచుకున్న బతుకని. దీనికి జవాబు జాన్ బ్రాంచ్ 2014లో ప్రచురించిన ‘బాయ్ ఆన్ ఐస్’లో ఉంది. శైలిలో అది జౌస్కీ గ్రంథానికి సాటి రాదు. నిజాయితీలో ఒక మెట్టు పైన నిలుస్తుంది.

అది డెరెక్ బూగార్డ్ కథ. సస్కచివాన్ పల్లెపట్టుల్లో పెరిగిన కుర్రవాడు; ఒడ్డూ పొడుగూ తప్ప చెప్పుకోదగ్గ ఆట లేనివాడు. 2006లో అతని దెబ్బకు టాడ్ ఫెడొరుక్ చెంప ఎముక నుజ్జయి, లోహపు పలకలు బిగించవలసి వచ్చింది. ప్రేక్షకులు లేచి కేకలు వేశారు. బూగార్డ్ నొప్పి మాత్రలకు బానిసై 2011 మే నెలలో, 28 ఏళ్లకు, మద్యమూ ఆక్సికోడోనూ కలిసిన మోతాదుకు బలయ్యాడు. బోస్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అతని మెదడును పరీక్షించి, పదే పదే తలదెబ్బలు తిన్నవారిలో కనిపించే క్షీణతా వ్యాధిని గుర్తించారు. (సెమెంకో సంగతి వేరు, అతను 2017లో క్యాన్సర్‌తో మరణించాడు.)

1981లో ఇదెవరికి తెలుసు, అని జౌస్కీ అభిమానులు అడగవచ్చు. ముష్టియుద్ధ వీరుల మెదళ్లు చితికిపోతాయని హారిసన్ మార్ట్‌లాండ్ వైద్య పత్రికలో రాసినది 1928లో. తెలియకపోవడం కాదు, అడగాలని తోచకపోవడం. శీర్షికలోని ‘అవర్’ అన్న ఒక్క మాటతో ఊరంతటినీ కలుపుకొన్న రచయిత, ఆ మాటకు మూల్యం చెల్లించే వారెవరో విచారించి ఉండవలసింది.

లీగు యాజమాన్యానికి ఆ మాత్రపు సాహిత్య మొహమాటం కూడా లేదు. మూడు వందలకు పైగా మాజీ ఆటగాళ్లు వేసిన దావాను 2018లో సుమారు 1.9 కోట్ల డాలర్లతో పరిష్కరించుకుంది, తప్పు ఒప్పుకోకుండానే. క్యూబెక్ జూనియర్ లీగు మాత్రం 2023లో, కొట్లాటకు దిగినవాడిని ఆట నుంచి పంపివేసే నిబంధన తెచ్చింది. బూగార్డ్ పిడికిలి విద్య నేర్చినది పశ్చిమ కెనడా జూనియర్ లీగులో.